ఒకే పాఠం, నాలుగు దేశాల చిరునామాలు

నాదెండ్ల అన్న పేరును సెర్చ్ ఇంజన్‌లో వేస్తే ఊరికంటే ముందు మనుషులు ఎదురవుతారు. 1984లో నెల రోజులు ముఖ్యమంత్రిగా ఉన్న నాదెండ్ల భాస్కరరావు, ఆయన కుమారుడు మనోహర్, చరిత్ర మీద మనసున్నవారికైతే కృష్ణదేవరాయల తరఫున కొండవీటిని ఏలిన నాదెండ్ల గోపమంత్రి. ఇంటిపేరై లోకం చుట్టిన ఊరికి ఆ అవస్థ తప్పదు. ఊరే కావాలనుకునేవారు వెనక ‘మండలం’ అని తగిలించి వెతకాలి. అప్పుడు వచ్చే పేజీల్లో ఇంకో వింత ఉంటుంది. కొన్ని ఆ మండలం పల్నాడు జిల్లాలో ఉందంటాయి, కొన్ని గుంటూరు జిల్లాలో ఉందంటాయి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు నాదెండ్ల గుంటూరు నుంచి విడిపోయి నరసరావుపేట కేంద్రమైన పల్నాడులో చేరింది. 2011 జనాభా లెక్కలను ఒకరిని చూసి ఒకరు దించుకున్న ఊళ్ల జాబితా సైట్లు కొన్ని ఆ మార్పు చేసుకున్నాయి, కొన్ని చేసుకోలేదు. మిగతా పాఠమంతా ఒకటే. అవే గణపవరం, సాతులూరు, తూబాడు, చిరుమామిళ్ల. అవే జనాభా అంకెలు, అదే వరుస. మనిషి కంటికి ఈ రెండు రకాల పేజీల్లో ఒకటి సరైనది, ఒకటి పాతబడింది. యంత్రానికి మాత్రం అవి దాదాపు ఒకటే పేజీ. ఈ అధ్యాయమంతా ఆ తేడా గురించే. ఒకే వ్యాపారం, ఒకే పత్రిక, ఒకే బ్లాగు నాలుగు దేశాల చిరునామాల్లో కనిపించినప్పుడు వచ్చే చిక్కంతా అక్కడే పుడుతుంది.

రెండు పేజీలు ఒకటేనని యంత్రం ఎలా తేలుస్తుంది? కోట్ల పేజీలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవడం కుదరదు. 1997లో ఆల్టావిస్టా సెర్చ్ ఇంజన్ వెనక ఉన్న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ పరిశోధనశాలలో ఆండ్రే బ్రోడర్, ఆయన సహచరులు దీనికొక ఉపాయం కనిపెట్టారు. పాఠాన్ని వరుసగా వచ్చే కొన్ని మాటల ముక్కలుగా, ఒక ముక్క మీదికి మరో ముక్క ఒరిగేలా కోస్తారు. రెండు పేజీలకూ ఉమ్మడిగా ఉన్న ముక్కలెన్నో, మొత్తం వేర్వేరు ముక్కలెన్నో లెక్కేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. మన ఊరి మీదే వేసి చూద్దాం. ‘నాదెండ్ల మండలం గుంటూరు జిల్లాలో నరసరావుపేటకు దగ్గరలో ఉంది’ అన్న వాక్యంలో ఏడు మాటలు. మూడేసి మాటల చొప్పున కోస్తే అయిదు ముక్కలు వస్తాయి. గుంటూరు తీసి పల్నాడు పెడితే మొదటి మూడు ముక్కలూ మారిపోతాయి, చివరి రెండే మిగులుతాయి. రెండు వాక్యాల్లో కలిపి వేర్వేరు ముక్కలు ఎనిమిది, ఉమ్మడివి రెండు, అంటే పోలిక నాలుగో వంతు. ఇప్పుడు ఇదే వాక్యం మూడు వందల మాటల పేజీలో మధ్యన ఎక్కడో ఉందనుకోండి. ముక్కలు 298. ఒక్క మాట మారితే పోయేవి మూడే. ఉమ్మడివి 295, మొత్తం వేర్వేరువి 301. పోలిక 98 శాతం. ఈ లెక్క ప్రకారం అవి నకళ్లే. ఏ కలెక్టరేట్‌కు వెళ్లాలో తెలుసుకోవాలని వచ్చిన మనిషికి కావలసింది మాత్రం ఆ మిగిలిన రెండు శాతంలోనే ఉంది.

బ్రోడర్ బృందం ఆ పద్ధతిని మూడు కోట్ల పేజీల మీద నడిపి, పాఠాల గుంపులు కట్టి చూపింది. పదేళ్ల తర్వాత, 2007లో, గూగుల్‌కు చెందిన గుర్మీత్ సింగ్ మంకు, అరవింద్ జైన్, స్టాన్‌ఫర్డ్‌కు చెందిన అనీష్ దాస్ సర్మ మరింత పొదుపైన దారి చూపారు. ఒక్కో పేజీని 64 బిట్ల వేలిముద్రగా కుదించి, రెండు ముద్రల మధ్య మూడు బిట్లకు మించి తేడా లేకపోతే వాటిని దాదాపు నకళ్లుగా లెక్కగట్టవచ్చని, 800 కోట్ల పేజీల సంఖ్యలో కూడా ఈ అంచనా పనికొస్తుందని రాశారు. ఆ తర్వాత పద్ధతులు ఎన్నో మారాయి. మారనిది ఒకటుంది. ఈ కొలతలన్నీ ఎన్ని మాటలు మారాయో చూస్తాయి, ఏ మాట మారిందో చూడవు. ధర ముందున్న రూపాయి గుర్తు తీసి డాలరు గుర్తు పెట్టడం, ‘గుంటూరు’ తీసి ‘పల్నాడు’ పెట్టడం, ‘అయితే’కు బదులు ‘కానీ’ రాయడం ఈ లెక్కలో ఒకే రకం మార్పులు. దేశానికొక సైటు పెట్టుకునేవారి పేజీలు సరిగ్గా ఇలాంటి చిన్న మాటల్లోనే తేడాగా ఉంటాయి. కాబట్టి ఆ తేడా విలువేమిటో పేజీ యజమానే యంత్రానికి చెప్పుకోవాలి. చెప్పడానికి విలువైన తేడా ఏమీ లేకపోతే రెండో చిరునామాతో పనే లేదు. నా వాదన ఇంతే. దీనికి తెలుగువారి కళ్ల ముందే జరిగిన ఒక సాక్ష్యం ఉంది.

అది చూడబోయే ముందు దేశపు డొమైన్ల సంగతి కొంచెం. దేశాలకు రెండక్షరాల సంకేతాలను ఒక అంతర్జాతీయ ప్రమాణం నిర్ణయిస్తుంది, డొమైన్లు చాలావరకు వాటినే వాడుకుంటాయి. మనకు డాట్ ఇన్ 1989లో వచ్చింది, 2005లో అందరికీ తెరుచుకుంది. బ్రిటన్ అడ్డం తిరిగింది. ప్రమాణంలో దాని సంకేతం జీబీ, డొమైన్ మాత్రం యూకే. ఈ చిన్న తిరకాసు ముందుముందు ఎంతమందిని ముంచుతుందో చూస్తాం. ఇక భారతదేశానికైతే ఒక దేశపు డొమైన్ చాలలేదు. 2011లో దేశం పేరునే డొమైన్‌గా తెలుగుతో సహా ఏడు లిపుల్లో కేటాయించారు, తెలుగులో అది డాట్ భారత్. అంటే ఒక సంస్థ తన సైటును డాట్ ఇన్‌లోనూ, తెలుగు అక్షరాల డాట్ భారత్‌లోనూ, దేవనాగరి డాట్ భారత్‌లోనూ పెట్టుకోవచ్చు. దేశం దాటకుండానే నకళ్లు తయారవుతాయి.

సాక్ష్యం బ్లాగులది. కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించిన రోజుల్లో ఎక్కువమంది రాసింది గూగుల్ వారి బ్లాగ్‌స్పాట్‌లో. అందరి చిరునామా డాట్ కామ్‌తో ముగిసేది. 2012 మొదట్లో గూగుల్ ఉన్నట్టుండి చదువరి ఉన్న దేశాన్ని బట్టి చిరునామా మార్చడం మొదలుపెట్టింది. నాదెండ్లలో కూర్చుని చదివేవారికి అదే బ్లాగు బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్‌లో తెరుచుకునేది, మెల్‌బోర్న్‌లో చదివేవారికి డాట్ కామ్ డాట్ ఏయూలో, లండన్‌లో చదివేవారికి డాట్ కో డాట్ యూకేలో. ఒక దేశపు చట్టం ఏదైనా రాతను తీసేయమంటే ఆ దేశపు చిరునామాలో మాత్రమే తీసి, మిగతా ప్రపంచానికి ఉంచడం ఇందులో ఉద్దేశం. గూగుల్ ఆ మాట దాచలేదు. పాఠంలో అక్షరం తేడా లేదు, భాష ఒకటే, రాసినవారు ఒకరే, చిరునామాలు మాత్రం దేశానికొకటి. నకళ్ల సమస్యను ఇంత శుద్ధంగా చూపించే ఉదాహరణ ప్రయోగశాలలో కూడా దొరకదు.

గూగుల్ తన సెర్చ్ ఇంజన్‌కు సర్ది చెప్పుకుంది. ప్రతి దేశపు నకలు లోపలా ‘దీని అసలు చిరునామా డాట్ కామ్’ అని చెప్పే కనానికల్ గుర్తు పెట్టింది. 2009 ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి ఒప్పుకున్న గుర్తు అది. కాబట్టి వెతుకులాటలో బ్లాగులు పెద్దగా దెబ్బతినలేదు. దెబ్బ మరోచోట తగిలింది. కనానికల్ గుర్తును సెర్చ్ ఇంజన్ చదువుతుంది గానీ, బయటి నుంచి తెచ్చి తగిలించుకున్న వ్యాఖ్యల పెట్టెలు, లైకులు లెక్కపెట్టే పలకలు అన్నీ చదవవు. డాట్ ఇన్‌లో వచ్చిన వ్యాఖ్యలు ఒక లెక్క, డాట్ కామ్‌లో వచ్చినవి మరో లెక్క అయ్యాయి. ఒకే టపా కింద ఊళ్లోవారి మాటలు ఊళ్లోవారికి, అమెరికావారి మాటలు అమెరికావారికి కనిపించే పరిస్థితి. చిరునామా చివర ఎన్‌సీఆర్ అన్న మూడక్షరాలు చేర్చితే దేశం మారకుండా డాట్ కామే తెరుచుకుంటుందని తెలిశాక, ఆ పని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాము ముక్కలను బ్లాగరులు తమ టెంప్లేట్లలో అతికించుకున్నారు. సెర్చ్ ఇంజన్‌ను సముదాయించినంత మాత్రాన నకళ్ల బెడద తీరదు.

2018లో గూగుల్ ఈ పద్ధతి మానుకుని అందరినీ మళ్లీ డాట్ కామ్‌కే పంపింది. కథ అక్కడితో ముగియాల్సింది. 2020లో బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్ అన్న పేరు గూగుల్ చేతి నుంచి జారిపోయింది, వేరెవరో నమోదు చేసుకున్నారు. లక్షల కొద్దీ పాత లింకులు ఒక్కసారిగా ఎటూ పోకుండా నిలిచిపోయాయి. ఆ ఆరేళ్లలో భారతదేశంలో ఉన్న చదువరి అడ్రస్ బార్ నుంచి లింకు తీసి ఫేస్‌బుక్‌లోనో, ఈమెయిల్‌లోనో, మరో బ్లాగులోనో అతికిస్తే అది డాట్ ఇన్ లింకే అయి ఉంటుంది. అదే టపాను డల్లాస్ నుంచి పంచుకున్నవారిది డాట్ కామ్. కాబట్టి చచ్చిపోయినవి స్వదేశపు చదువరులు ఇచ్చిన లింకులు. అమెరికా తెలుగువారు ఇచ్చినవి పనిచేస్తూనే వచ్చాయి. చట్టం కోసం చీల్చిన చిరునామా చదువరుల జ్ఞాపకాన్ని కూడా దేశాలవారీగా చీల్చింది.

నకళ్ల పేరెత్తగానే చాలామంది భయపడేది శిక్షకు. ఒకే పాఠం రెండుచోట్ల ఉంటే గూగుల్ సైటును కిందికి తోసేస్తుందని వ్యాపారులకు చెప్పి డబ్బు గుంజేవారు ఇంకా ఉన్నారు. 2008లోనే గూగుల్ ఈ మాటను కొట్టిపారేసింది. మోసం చేసే ఉద్దేశంతో పేజీలు గుప్పిస్తే తప్ప, నకలు ఉన్నంత మాత్రాన శిక్ష లేదంది. ఉండే పనైతే వెబ్‌లో పెద్ద భాగం మూతపడేది. వెబ్‌లోని పాఠంలో 25 నుంచి 30 శాతం నకళ్లేనని అప్పట్లో గూగుల్‌లో పనిచేసిన మ్యాట్ కట్స్ 2013లో చెప్పాడు. జరిగేది శిక్ష కాదు, ఎంపిక. నకళ్లన్నిటినీ ఒక గుంపుగా కట్టి, అందులో ఒకదాన్ని ప్రతినిధిగా నిలబెట్టి, మిగతావాటిని వెనక దాచేస్తుంది. ఆ ఎంపిక యజమాని కోరుకున్నట్టు ఉండాలని లేదు. పైగా నాలుగు సైట్లూ తిరిగి చూడడానికి యంత్రం పెట్టే సమయం నాలుగింతలు అవుతుంది, కొత్తగా చేర్చిన సరుకు కంటపడేసరికి ఆలస్యమవుతుంది. ఇతరులు ఇచ్చే లింకుల బలం కూడా నాలుగు ముక్కలవుతుంది.

ఇప్పుడు నిజంగా రెండో చిరునామా అవసరమైన సందర్భం చూద్దాం. నాదెండ్ల మండలంలో ఆవకాయ పట్టి విదేశాలకు పంపే ఒక సంస్థ ఉందనుకుందాం. ఇంగ్లిషు పేజీయే నాలుగు డొమైన్లలో పెట్టింది: ఇండియాకు డాట్ ఇన్, అమెరికాకు డాట్ కామ్, బ్రిటన్‌కు డాట్ కో డాట్ యూకే, ఆస్ట్రేలియాకు డాట్ కామ్ డాట్ ఏయూ. మామిడికాయ, కారం, నువ్వులనూనె, ఆవపిండి అంటూ వర్ణన ఒకటే. మారేవి ధర, రవాణా ఖర్చు, ఇంకొక్కటి. బ్రిటన్ చట్టం ఎలర్జీ తెప్పించే 14 పదార్థాలను ప్రస్ఫుటంగా చూపించాలంటుంది, వాటిలో ఆవాలు ఉన్నాయి. అమెరికా జాబితాలో ఉన్నవి తొమ్మిదే, ఆవాలు వాటిలో లేవు. నువ్వులు 2023 జనవరి నుంచి చేరాయి. అంటే బ్రిటన్ పేజీలో ‘ఆవాలు’ అన్న ఒక్క మాట ప్రస్ఫుటంగా ఉండాల్సిందే. ఆవాలు పడని లండన్ మనిషికి ఆ ఒక్క మాట మిగతా మూడు వందల మాటలకంటే ముఖ్యం. ముక్కల లెక్కలో అది మళ్లీ అదే 98 శాతం. యంత్రం అమెరికా పేజీని ప్రతినిధిగా ఎంచుకుంటే లండన్‌లో వెతికినవారికి డాలర్ల ధరతో, ఆవాల హెచ్చరిక లేని పేజీ తెరుచుకుంటుంది.

ఇక్కడ కనానికల్ గుర్తు వాడడం పెద్ద పొరపాటు, తరచుగా జరిగే పొరపాటు కూడా. బ్రిటన్ పేజీలో ‘నా అసలు చిరునామా డాట్ కామ్’ అని రాస్తే, నన్ను చూపించకండి అని యంత్రానికి చెప్పినట్టే. బ్లాగ్‌స్పాట్‌కు అది సరిపోయింది, ఎందుకంటే అక్కడ దేశాల మధ్య చూపించదగ్గ తేడా లేదు. ఈ వ్యాపారికి కావలసింది 2011 డిసెంబరులో గూగుల్ తెచ్చిన హెచ్‌రెఫ్‌లాంగ్. ప్రతి పేజీ తన భాష, దేశం చెప్పి, తన చిరునామాతో పాటు తోడి పేజీల చిరునామాలన్నీ జాబితాగా ఇస్తుంది. పెళ్లి మాటల్లోలాగా రెండువైపులా ఒప్పుకుంటేనే సంబంధం కుదిరినట్టు. ఇండియా పేజీ బ్రిటన్ పేజీని తోడుగా చెప్పి, బ్రిటన్ పేజీ ఇండియా పేరెత్తకపోతే యంత్రం ఆ మాటను పక్కన పెట్టేస్తుంది. లేకపోతే ఎవరైనా ఎవరి సైటునైనా తమదని చెప్పుకోగలరు. నాలుగు దేశాలైతే ఒక్కో ఉత్పత్తికి పదహారు ప్రకటనలు, పది దేశాలైతే వంద. ఒక పేజీ పేరు మార్చి మిగతాచోట్ల దిద్దడం మరిచిపోతే ఆ గొలుసు తెగుతుంది. సంకేతాల దగ్గర తప్పులు మరీ ఎక్కువ. బ్రిటిష్ ఇంగ్లిషుకు ఈఎన్-యూకే అని రాస్తారు, ఉండాల్సింది ఈఎన్-జీబీ. భాష చెప్పకుండా దేశం ఒక్కటే చెప్పడం కుదరదు. ఇండియా అనుకుని ఐఎన్ అని మాత్రమే రాస్తే భాషల జాబితాలో అది ఒకప్పటి ఇండోనేషియా భాష సంకేతం. జాబితాలోని ఏ భాషకూ, దేశానికీ చెందనివారి కోసం 2013లో ఎక్స్-డిఫాల్ట్ అన్న మరో గుర్తు చేర్చారు. ఇంతా చేసి ఇది గూగుల్, యాండెక్స్‌ల దగ్గర బాగా చెల్లుతుంది, బింగ్ దీన్ని పెద్దగా పట్టించుకోదు.

ఇంత శ్రమ ఎందుకు, చదువరి ఏ దేశంలో ఉన్నాడో కనిపెట్టి అతన్ని ఆ దేశపు సైటుకు తోసేస్తే పోలేదా అంటారు. బ్లాగ్‌స్పాట్ చేసింది అదే. పేజీలన్నీ తిరిగి చూసే గూగుల్ యంత్రం ఎక్కువగా అమెరికా చిరునామాల నుంచి వస్తుంది. దాన్ని కూడా అలా తోసేస్తే అది అమెరికా పేజీ తప్ప మరోటి చూడనే చూడదు, డాట్ ఇన్ సైటు దాని దృష్టిలో లేనట్టే. ఇంకొందరు దేశానికో రకంగా వర్ణన తిరగరాస్తే నకలు కాకుండా పోతుంది కదా అంటారు. ఆవకాయ ఒకటే అయినప్పుడు నాలుగు రకాలుగా రాయించడం కొలతను మోసం చేయడానికి పనికొస్తుందే తప్ప కొనేవారికి ఏ మేలూ చేయదు. ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఒకటుంది: దేశపు డొమైన్‌కు ఆ దేశంలో వెతికేవారి దగ్గర నిజంగానే మొగ్గు ఉంటుంది గదా? ఉంటుంది, కాదనలేం. డాట్ ఇన్ అన్నది ఇండియా కోసమని గట్టిగా చెప్పే సూచన. ఎటూ చెందని డాట్ కామ్‌ను ఫలానా దేశానికని సర్దుకునే ఏర్పాటును గూగుల్ 2022లో, సైటు యజమానులకిచ్చే తన సెర్చ్ కన్సోల్ నుంచి తీసేశాక ఆ సూచన విలువ ఇంకొంచెం పెరిగిందనే అనాలి. చట్టబద్ధంగా వేర్వేరు కంపెనీలు, వేర్వేరు గోదాములు, వేర్వేరు పన్నులు ఉన్న అమెజాన్ లాంటి వ్యాపారానికి ఆ ఖర్చు గిట్టుబాటు. నాదెండ్ల నుంచే అన్ని దేశాలకూ పార్సిళ్లు కట్టే సంస్థకు నాలుగు డొమైన్లు నాలుగు బరువులు. ఒకే డొమైన్ కింద దేశానికో విభాగం పెట్టి హెచ్‌రెఫ్‌లాంగ్ రాసుకుంటే లింకుల బలం చీలదు, ఆవాల హెచ్చరికా పోదు.

తెలుగు పాఠం విషయంలోనైతే నేను ఇంకో అడుగు ముందుకేస్తాను. తెలుగు చదివేవాడు తూబాడులో ఉన్నా న్యూజెర్సీలో ఉన్నా చదివే తెలుగు ఒకటే. ఇంగ్లిషుకు ఉన్నట్టు బ్రిటన్ స్పెల్లింగు, అమెరికా స్పెల్లింగు అన్న తేడా మనకు లేదు. వార్త, కథ, వ్యాసం, ప్రభుత్వ సమాచారం వంటి వాటిని దేశాలవారీగా విడదీయడానికి కారణం కనపడదు. 2003 నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియా చిరునామాలో దేశం లేదు, భాష మాత్రమే ఉంది. లైసెన్సు రుసుము కట్టే బ్రిటన్ ప్రజలకు డాట్ కో డాట్ యూకే, ప్రకటనలతో బయటి దేశాలకు డాట్ కామ్ అని రెండు ముఖాలు పెట్టుకున్న బీబీసీ సైతం 2017 అక్టోబరు 2న తెలుగు సేవ మొదలుపెట్టినప్పుడు దాన్ని డాట్ కామ్ కింద ఒక్కచోటే ఉంచింది. ఎన్నో దేశాల డొమైన్లను వాడిన గూగుల్ కూడా అటే వెళ్లింది. 2017లోనే వెతుకులాట ఫలితాలను డొమైన్‌ను బట్టి కాకుండా మనిషి ఉన్నచోటును బట్టి ఇవ్వడం మొదలుపెట్టి, 2025 ఏప్రిల్‌లో గూగుల్ డాట్ కో డాట్ ఇన్ వంటి వాటన్నిటినీ డాట్ కామ్‌లోకి మళ్లిస్తామని ప్రకటించింది.

నాలుగు చిరునామాలను ఒకటి చేయాలని నిర్ణయించుకున్నవారు కూడా తొందరపడి పాతవాటిని వదిలేయకూడదు. ప్రతి పాత పేజీ నుంచి దానికి సమానమైన కొత్త పేజీకి 301 అనే శాశ్వత మళ్లింపు పెట్టాలి. అన్నిటినీ మొదటి పేజీకి పంపేస్తే యంత్రం దాన్ని పేజీ లేనట్టే లెక్కగట్టవచ్చు. మళ్లింపును కనీసం ఏడాదైనా ఉంచమంటుంది గూగుల్. అది తన యంత్రం లెక్క. వాట్సాప్ గ్రూపుల్లో, పాత ఈమెయిళ్లలో, ఎవరో అచ్చు వేయించిన కరపత్రం మీద ఉన్న లింకులకు ఏడాది గడువు తెలియదు. కాబట్టి ఆ డాట్ ఇన్ పేరుకు, ఇక అందులో ఒక్క పేజీ లేకపోయినా, ఏటా రుసుము కడుతూనే ఉండాలి. గడువు తేదీ ఒకరి సొంత ఈమెయిల్‌కు కాకుండా సంస్థ ఈమెయిల్‌కు గుర్తు చేసేలా పెట్టుకోవాలి, ఎందుకంటే డొమైన్ నమోదు చేసిన కుర్రాడు అప్పటికి మరో ఉద్యోగంలో ఉంటాడు.